గోపురం కప్పు

మధులిక చేసిన కేకుతో గోడ కట్టొచ్చట. అన్నది పక్కింటి వసుంధర, మోసుకొచ్చింది ఎదురింటి చరిత. "నేను చెప్పానని అనకే తల్లీ" అని మరీ మరీ చెప్పి, టీ తాగి వెళ్ళింది.

మధులికకు కోపం రాలేదు, అనుమానం వచ్చింది. ఆ గుడ్డు లేని పెరుగు కేకు నేర్పిందే వసుంధర. ఇద్దరూ వాడేది ఒకటే మైదా, బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఒకే షాపులో కొన్న ఒకేరకం కప్పు. అక్కడ దూదిలా వచ్చేది ఇక్కడ ఇటుకలా ఎందుకొస్తోంది? కొంపదీసి ఏదైనా దాచి చెప్పిందా?

వీధి చివర కఫే నడిపే బ్రీడా శనివారానికి ఒక కేకు తెచ్చి రుచి చూపించమంది. నచ్చితే వారం వారం అద్దాల పెట్టెలో మధులిక కేకే. ఐర్లండ్ వచ్చిన దగ్గర్నుంచీ పని దొరక్క ఇంట్లో కూర్చున్న మనిషికి అది చిన్న సంగతా? అప్పటికే గురువారం.

"అత్తయ్యా, మళ్ళీ కలుపుదాం. పిండి కొలవండి."

ఆ ఇంట్లో కొలత అత్తగారు సూర్యప్రభమ్మదే. పెద్ద చెయ్యి కొలిస్తే ఇంట్లో లేమి ఉండదని నమ్మకం. తణుకు దగ్గర పల్లెలో ధాన్యం కొలిచిన చెయ్యి అది. ఒకటి అనకుండా "లాభం" అంటూ మొదటి కప్పు ముంచింది. బల్ల మీద టకటకా కొట్టి కుదించి, పైన గోపురం నిలబెట్టింది. "రెండు" అంటూ మళ్ళీ ముంచబోయింది.

ఆ గోపురం మీదే మధులిక చూపు ఆగిపోయింది. ఎప్పుడో కొని వాడకుండా పడేసిన తూకం మిషను తెచ్చి పిండి దాని మీద పోయించింది. నూట తొంభై గ్రాములు.

"రవ్వ పోసి చూడవే," అంది సూర్యప్రభమ్మ, తనకూ సరదా పుట్టి.

రవ్వ ఒక బరువు, పంచదార ఇంకో బరువు, పెరుగు మరీనూ.

"కప్పు ఒకటే, ఒక్కోటీ ఒక్కో బరువేంటి అత్తయ్యా!"

"మానెడు ఊకా మానెడు ఉలవలూ సమానంగా తూగుతాయా ఏంటి!"

మధులిక ఊరుకోలేదు. వసుంధరను పిలుచుకొచ్చింది. "ఒక్క కప్పు పిండి మీ చేత్తో కొలవండక్కా."

వసుంధర చెంచాతో మెల్లగా పోసి, చాకుతో పైపిండి గీసేసి అంచుకి సమంగా తలకొట్టి, రాలిన పిండి కూడా ప్యాకెట్లోకి దులిపింది. నూట పాతిక.

"రెండు కప్పులకి మాకు ఇంకో కప్పు పిండి ఎక్కువ పడుతోందన్నమాట!" అంది మధులిక.

శనివారం ఆమె కప్పు ముట్టలేదు. రెండొందల యాభై గ్రాముల చొప్పున తూచి, రెండు కేకులు విడివిడిగా చేసి, ఒకటి కఫేకి పట్టుకెళ్ళింది. బ్రీడా ఒక ముక్క తిని "గ్రాండ్" అంది. ఇంకో ముక్క కూడా తిని, ఇక వారం వారం తెమ్మంది.

సాయంత్రం ఇంట్లో మిగిలిన కేకు తింటూ వసుంధర గర్వంగా తలెగరేసింది.

"చూశారా, నా కొలత పట్టాకే పొంగింది! మీరే చెయ్యి కాస్త అదుపులో పెట్టుకోవాలి పిన్నిగారూ."

"నీ చెయ్యి అదుపు నాకు తెలీదా వసుంధరా? మొన్న శనగపిండి చేబదులడిగితే తలకొట్టే ఇచ్చావు. తిరిగి తీసుకునేటప్పుడు మాత్రం గోపురంతోనే తీసుకున్నావు."