ఇంకా ఆరు మీటర్లు

తాడుకు ఎర్రగుడ్డ కట్టిన చోట ముత్తన్న ఆగాడు. పైకి ఇంకా ఆరు మీటర్లు. డ్యాం గేటు అడుగున, ముప్పై మీటర్ల లోతులో చిక్కుకున్న మొద్దులు తీసి, అతనూ దేవిదాసూ పైకి వస్తున్నారు. ఇక్కడ పది నిమిషాలు, మూడు మీటర్ల దగ్గర ఇరవై నిమిషాలు ఆగాలి. ఒంట్లో చేరిన గాలి మెల్లగా బయటికి పోవాలి. తొందరపడితే గోలీసోడా కొట్టినట్టు నెత్తురు పొంగుతుందని పని నేర్పినవాడు చెప్పాడు.

బాల్కొండ పక్క ఊళ్లో, వలలు వేసే ఇంట్లో పుట్టినా ముత్తన్నకు నీళ్లంటే భయం. ఈ పనిలో ఉన్న ఇరవై రెండేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. పనికి బయల్దేరేటప్పుడు వేళ్లు వణికితే చలి అనేవాడు. అతని భార్య గోదావరి, ఎండాకాలంలో కూడా ఆ మాట నమ్మినట్టే ఉండేది.

కింద ఇనుము ధన్‌మని మోగింది. తాడు అదిరింది. గేటు లేపుతున్నారా? లేపితే ఆ ఉరవడి మనిషిని గడ్డిపోచలా లాక్కుపోతుంది. అద్దం వెనక దేవిదాస్ కళ్లు పెద్దవయ్యాయి. ముత్తన్న అతని చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకుని దేవిదాస్ పైకి దూసుకుపోయాడు.

మళ్లీ మోత. ముత్తన్న తాడును మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నాడు. రెండు చోట్లా కలిపి ముప్పై నిమిషాలూ గడియారం ముల్లు తప్ప మరేమీ చూడలేదు.

పైకి వచ్చేసరికి దేవిదాస్ గట్టు మీద కూర్చుని నవ్వుతున్నాడు.

"గేటు గాదట అన్న. పైన తుప్పు కొట్టిన్రట. నువ్వెట్ల ఉన్నవ్ గంతసేపు?"

"భయమైంది. గందుకే తాడు ఇడ్వలే. నువ్వు ఆక్సిజన్ పెట్టుకో ముందుగాల."

"భుజం గుంజుతుంది, గంతే."

పావుగంటకు దేవిదాస్ లేవబోయి కూలబడ్డాడు. "కాళ్లు లేస్తలేవన్న! నన్ను మల్ల నీళ్లల్లకు దించు. కిందికి వోతే తక్కువైతది."

బతిమాలుతూ అతను ముత్తన్న చొక్కా పట్టుకున్నాడు. లోతుకు పోతే నెత్తుట్లో బుడగలు అణిగినా, కాళ్లు చచ్చినవాణ్ని నీళ్లలో దించితే మునిగే చస్తాడని ముత్తన్నకు తెలుసు. తల అడ్డంగా ఊపి, ఆక్సిజన్ మాస్కు పెట్టి, అంబులెన్స్‌కు ఫోన్ చేశాడు. ఆ బుడగలు కరిగించే యంత్రం ఉన్న ఆసుపత్రి చాలా దూరం. దారి పొడవునా ముత్తన్న అతని చెయ్యి వదల్లేదు. కామారెడ్డి రాకముందే ఆ చెయ్యి పట్టు సడలి చల్లబడింది.

మర్నాడు పొద్దున సామాను తీసుకుపోవడానికి ముత్తన్న ఒక్కడే డ్యాం మీదికి వచ్చాడు. సిలిండర్లు మోశాడు, తాడు చుట్టాడు. గట్టు మీద, నిన్న దిగేముందు దేవిదాస్ సగం తిని పెట్టిన మక్కకంకి ఇంకా ఉంది. పంటిగాట్ల దాకా చీమలు పట్టాయి.