రాజమల్లయ్య ఇంటి చెక్క హారన్లు

అల్మాస్ చేతిలో పెట్టిన పని చెడదని సిద్దిపేటలో తలుపులు, మంచాలు చేయించుకున్న వాళ్లందరికీ తెలుసు. తండ్రి హనీఫ్ దగ్గరే వడ్రంగం పని నేర్చుకుంది. ముప్పై రెండేళ్లకు దుకాణమంతా ఆమె చేతి మీదే నడుస్తోంది. హనీఫ్ ఒకప్పుడు పెళ్లిళ్లకు మైకు సెట్లు కూడా కిరాయికిచ్చేవాడు. ఆ రేకు హారన్లను విప్పి చూసీ చూసీ, సన్నని గొంతుతో మొదలై బయటికి విచ్చుకునే ఆ ఆకారాన్ని చెక్కలో చేస్తే పాట ఇంట్లో కూర్చుని వినేటంత కమ్మగా ఉంటుందని ఆమెకు తోచింది. తోచిన మూడు నెలలకు ఒక జత చేసి దుకాణంలోనే పెట్టింది.

ఆ జత మోగుతుండగా దర్వాజా బేరానికి వచ్చిన రాజమల్లయ్య, వచ్చిన పని మరిచి అక్కడే నిలబడిపోయాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. మోకాళ్లు మొరాయించేదాకా ఊరూరా ఒగ్గుకథ చెప్పినవాడు.

"ఆ పాటగాని ఊపిరి సుత వినవడుతున్నది బిడ్డా. నాకు గిసోంటియి రెండు చేసియ్యి" అన్నాడు.

"ఏం వింటవు కాకా?"

"నా కథనే. కోహెడల చెప్పింది. ఎవలో టేపుల పట్టిన్రు, నా కొడుకు పెన్‌డ్రైవుల ఎక్కించిండు. ఫోన్ల పెడితే అంత కలగాపులగం, ఏది డోలో ఏది మాటో తెలుస్తలేదు." కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. "ఆ దినం నడిమిట్ల కథ ఆగిపోయింది. జనం ఈలలేసిన్రు. మాకు డోలు కొట్టే రాజనర్సు దెబ్బ తప్పిండు. నేను అందరి ముందట తిట్టిన. ఆయన డోలు దించిపెట్టి పోయిండు. పద్దెనిమిదేండ్లు, మాట లేదు. మా ఇంటిది కొండవ్వ ఇప్పటికీ తప్పు నాదే అంటది. సాఫ్‌గ వింటె తేలిపోతది."

"సాఫ్‌గ వినవడేటట్టు చేసుడు నా పని. ఏం వినవడ్తదో నాకెర్క లేదు" అంది అల్మాస్.

నలభై రోజులు పట్టింది. ప్లైవుడ్‌ను గుండ్రటి వలయాలుగా, ఒకదానికంటే ఒకటి కాస్త పెద్దగా కోసింది. జిగురు పెట్టి పేర్చింది. లోపల మెట్లుమెట్లుగా ఉన్నదాన్ని ఆకురాయితో, తర్వాత గరుకు కాగితంతో ఒకే వంపులోకి తెచ్చింది. ధ్వని పుట్టే యూనిట్‌ను బిగించే గొంతు దగ్గర కళ్లు మూసుకుని వేలు తిప్పింది. ఎక్కడా గోరు తట్టుకోలేదు. డోలు కింది మోత కోసం రెండు పెద్ద చెక్క డబ్బాలు వేరేగా చేసి, హారన్లను వాటి మీద కూర్చోబెట్టింది.

ఆదివారం పొద్దున్నే తండ్రీ కూతుళ్లు వాటిని రాజమల్లయ్య ఇంటికి చేర్చారు. కొత్త హాలు. కింద టైల్సు, పైన స్లాబు, ఒక గోడ నిండా అద్దాల షోకేసు. హారన్లను గోడకు కొంచెం ఎడంగా నిలబెట్టి పాట పెట్టగానే కొండవ్వ చెవులు మూసుకుంది.

"చెవుల సూదులు గుచ్చినట్టున్నది!"

రాజమల్లయ్య ముఖం వాడిపోయింది. హనీఫ్ కూతురి పక్కకు జరిగి, "హారన్ల నోట్లె గింత గుడ్డ కుక్కుదామా? లేదంటె దుకాణానికి తీస్కపోయి మళ్ల చూద్దాం" అన్నాడు.

"హారన్ల ఏం తప్పు లేదు" అంది అల్మాస్. గొంతు పెంచలేదు, తడబడనూ లేదు. హాలు మధ్యలో నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టింది. చప్పుడు గోడలకు తగిలి గణగణమని తిరిగొచ్చింది. "విన్నవా? గిది ఇల్లు మోగుడు. అవ్వా, మీ ఇంట్ల బొంతలున్నయా?"

కొండవ్వ పాత చీరలతో కుట్టిన బొంతలు నాలుగు తెచ్చింది. రెంటిని కుర్చీ వెనక గోడకు, ఒకదాన్ని షోకేసు అద్దాలకు వేలాడదీశారు. నాలుగోది నేల మీద పరిచారు. అల్మాస్ కుర్చీని వెనక గోడ నుంచి మూడడుగులు ముందుకు జరిపింది. హారన్ల ముఖాలను కుర్చీ వైపు తిప్పింది. మళ్లీ చప్పట్లు కొడితే చప్పుడు పుట్టినచోటే ఆగిపోయింది.

పాట మెత్తబడింది. కానీ డోలు మోగే పాట పెట్టి చూస్తే ఒక్కో దెబ్బ రెండుగా వినిపిస్తోంది. ముందు కింది మోత, వెనకాలే పుల్ల చప్పుడు. హారన్ లోపల యూనిట్ వెనకగా ఉంది, డబ్బాలోని స్పీకరు ముందుకు ఉంది. అల్మాస్ హారన్లను అక్కడే ఉంచి, కింది డబ్బాలను జానెడు వెనక్కి జరిపించి, విని, ఇంకో రెండు వేళ్లు జరిపించింది. దెబ్బ ఒక్కటైంది. హనీఫ్ తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, కూతుర్ని కొత్తగా చూశాడు.

"ఇగ పెట్టు కాకా నీ కథ."

కోహెడ రాత్రి ఆ హాలులోకి వచ్చింది. పిల్లల ఏడుపు, ఎవరిదో దగ్గు, తాళాలు, వాటి మధ్య యాభై ఏళ్ల రాజమల్లయ్య గొంతు. ముసలాయన కుర్చీ అంచుకు జరిగి, తన మాటలను తానే పెదాలతో అంటున్నాడు. ఆ చోటు దగ్గరికొచ్చింది. డోలు ఉరుకుతోంది. గొంతు వరసలో మూడో మాట విడిచిపెట్టి నాలుగోది ఎత్తుకుంది. డోలు తడబడలేదు. ఒక్క క్షణం ఆగి, రెండు దెబ్బలు వేసి, దారి చూపుతున్నట్టు మళ్లీ మొదటికి వచ్చింది. ఆ దెబ్బల సందున, జనానికి వినపడనంత మెల్లగా డోలు కొట్టే మనిషి గొంతు: "మూడో మాట బావా... మూడోది అందుకో."

తర్వాత అంతా చెదిరిపోయి, ఈలలు.

రాజమల్లయ్య చెయ్యెత్తాడు. "డబ్బా జరిపినవు గద బిడ్డా. దాంతోనే డోలు వెనక వడ్డదేమో?"

"ఆయన మాట, నీ మాట రెండూ ఒక్క హారన్‌లకెల్లే వస్తున్నయి కాకా. డబ్బా జరిపితే మూడో మాట ఎగిరిపోదు."

మళ్లీ పెట్టించాడు. మూడోసారి కూడా విన్నాడు. కొండవ్వ భర్త ముఖం చూసింది. పద్దెనిమిదేళ్లు తాను మోసిన కోపం ఎవరి మీదో ఇప్పుడు అర్థమైన మనిషి ముఖం అది. అల్మాస్‌కు ఆ క్షణాన తన పని మీద గర్వం, ఆ ముసలాయన మీద జాలి కలిసి వచ్చాయి.

ఆయన ఫోను తీశాడు. రాజనర్సుకు కలిపాడు.

"నర్సూ, నేను మల్లయ్యను. కోహెడల తప్పింది నువ్వు గాదు, నేనే. నువ్వు అందిచ్చిన మాట నేను ఇయ్యాళ విన్న. రేపు మొదటి బస్సుకు రా. నిన్ను పది మందిల తిట్టిన, పది మందిల్నే ఒప్పుకుంట."

"అన్నం వండమను" అని ఫోను పెట్టేశాడు రాజనర్సు.

మర్నాడు మొదటి బస్సు దిగి, తెల్లపంచెలో, సన్నగా, నిటారుగా వచ్చాడాయన. హనీఫ్, అల్మాస్ కూడా వచ్చారు; వాడకట్టు జనం హాలు నిండి అరుగు మీదికి పొంగారు. రాజమల్లయ్య అందరి ముందూ ఆ కథ పెట్టించాడు. ఆ చోటు రాగానే లేచి నిలబడ్డాడు.

"విన్నరు గద. మాట విడిచింది నేను. నన్ను నిలవెట్టవోయింది ఈయన. తిట్లు వడ్డది గూడ ఈయననే." రెండు చేతులూ జోడించాడు.

రాజనర్సు ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు. కళ్లు తుడుచుకున్నాడు. "ఇంటికివోయి మా ఆడోళ్లతోని చెప్పిన, నేను మాట అందిచ్చిన అని. వాళ్లు సుత నమ్మలే" అన్నాడు. తర్వాత హారన్ల ముందు వంగి, చెక్క వంపును అరచేత్తో తడిమాడు. "ఎవలు చేసిన్రివి?"

"మా బిడ్డ" అన్నాడు హనీఫ్, అల్మాస్ నోరు తెరిచేలోగానే.

రాజనర్సు ఆమెకు తలవంచి దండం పెట్టి, రాజమల్లయ్య పక్కన కుర్చీలో కూర్చున్నాడు. "మొదటికెల్లి పెట్టు బిడ్డా, కథంత ఇందాం" అన్నాడు.

కథ మూడు గంటలది. దుకాణంలో పని ఉన్నా అల్మాస్ గడపలో కూర్చుని చివరిదాకా విన్నది.