జిన్నియా నారు

“పెద్దదానా, ఆ పూలమొక్కలు పీకి సైమా గుమ్మం ముందు నాటిస్తున్నా. బ్యాంకు నుంచి అలిసొచ్చే పిల్ల, కళ్లకి ఇంపుగా ఉంటాయి” అంది రసూల్‌బీ. అడిగినట్టు కాదు, చెప్పినట్టు.

మస్తాన్‌బీ మిరపకాయల రాశి ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది. చేతులు మణికట్టు దాకా భగభగ మండుతున్నాయి. అత్త మాట వినగానే ఆ మంట కాస్తా గుండెల్లోకి ఎక్కింది.

సైమా ఆమె తోడికోడలు, మరిది యూసుఫ్ భార్య. ఇంటికి ముందువైపు కొత్తగా వేసిన గది వాళ్లది. పొద్దున్నే మస్తాన్‌బీ మొగుడు బాజీ వంటింటి గుమ్మంలోకొచ్చి “టిఫినేదే? అమ్మాయికి ఆలస్యమవుద్ది” అని సైమా కోసం ఒకటే తొందర. ఇన్నేళ్ల కాపురంలో “నువ్వు తిన్నావా” అని పెళ్లాన్ని అడిగిన పాపాన పోలేదు మహానుభావుడు!

ఆ ఇంట్లో తనది అనుకోడానికి మస్తాన్‌బీకి ఆ జిన్నియాలే ఉన్నాయి. మిరప విత్తనాలకని గుంటూరు వెళ్లినప్పుడు కొట్లో బొమ్మ చూసి మోజుపడి కొనుక్కున్న పూలవిత్తనాల ప్యాకెట్టు. పొట్టిరకం, మోకాలెత్తు కూడా పెరగవు, ఒళ్లంతా పూలే. వంటింటి వెనక గట్టు మీద చల్లి, నాలుగు జతల ఆకులు రాగానే చిగుళ్లు తుంచింది. “పెరిగే మొక్క తల తుంచుతావేంటే, చేతులు ఊరుకోవా?” అని అప్పుడు అరిచిన అత్తే, గుబురుగా కొమ్మలేసి మొగ్గ తొడిగాక ఇప్పుడు కన్నేసింది.

“అవి నారు కాదత్తా. వేరు కదిపితే బతకవు.”

“చాల్లే! పుట్టి బుద్దెరిగినకాడ్నించి మిరపనారు పీకి నాటిన చేతులివి. నాకు నేర్పుతావా?”

వాకిట్లోంచి బాజీ అందుకున్నాడు. “ఆ అమ్మాయికి ఏం పెట్టినా నువ్వు కళ్లల్లో నిప్పులు పోసుకుంటావేంటే?”

పోసుకుంటోంది. అసూయే, కాదని బొంకటం ఎందుకు? సైమా ఉద్యోగం మీద కాదు, ఇస్త్రీ చీరల మీదా కాదు. ఆ పిల్ల గడపలో కాలు పెట్టగానే కుర్చీ ముందుకొస్తుంది, మంచినీళ్లొస్తాయి. ఆ నీళ్లు తెచ్చేది కూడా తనేనాయె. ఏడుద్దామన్నా ఈ కారం చేతులతో కళ్లు తుడుచుకోలేదు. ముక్కు ఎగబీల్చుకుని ఇంకో కాయ అందుకుంది.

తల్లీకొడుకులు గట్టు తడిపి, మొక్కలు లాగి, మట్టి దులిపి, అచ్చం మిరపనారులాగే కట్ట కట్టి తీసుకెళ్లి నాటారు. అవి తలలు వాల్చేస్తే “నారన్నాక వాడకుండా ఉండుద్దా, సాయంత్రానికి అదే తేరుకుంటది” అంది రసూల్‌బీ. సాయంత్రానికి తేరుకోలేదు. మర్నాడూ తేరుకోలేదు. వారం తిరిగేసరికి మొగ్గలతో సహా మాడిపోయాయి.

“నీ ఏడుపు తగిలే చచ్చాయి” అన్నాడు బాజీ.

సైమా బిక్కమొహంతో వంటింట్లోకి వచ్చింది. “నేను అడగలేదక్కా.”

“తెలుసులేమ్మా” అంది మస్తాన్‌బీ. అడక్కుండానే దొరకటం మీదే కదా తన ఏడుపంతా! ఆ మాట మాత్రం ఎలా చెప్తుంది ఎవరికైనా?

ప్యాకెట్టులో మిగిలిన విత్తనాలు ఉప్పుడబ్బా వెనక ఉన్నాయి. ఆ సాయంత్రమే అదే గట్టు మీద మళ్లీ చల్లింది. మొలిచి నాలుగు జతల ఆకులు రాగానే, ఈసారి అత్త చూస్తుండగానే చిగుళ్లు తుంచింది.

పూలొచ్చిన రోజు పొద్దున్నే ఒక్కో కాడా పట్టుకుని ఊపి చూసింది. మెడ వాల్చినవి ఇంకా లేతవని వదిలేసి, బిర్రుగా నిలబడ్డవి కోసి, ఆకులు దూసి, స్టీలు గ్లాసులో నీళ్లు పోసి పొయ్యిగట్టు మీద పెట్టుకుంది. ఎరుపూ, పసుపూ, రాణీరంగూ. ఎంత ముద్దొచ్చాయో!

“ముందు గదిలో పెట్టక, ఈ మసిలో ఎవరు చూస్తారే?” అంది రసూల్‌బీ.

“నేను చూస్తానత్తా.”

పెనం మీది మొదటి అట్టు పళ్లెంలో వేసుకుని, పొయ్యి ఆర్పి, పీట లాక్కుని ఆ పూల ముందు కూర్చుంది. ఇంతలో గుమ్మంలోంచి రోజూ వినే కేకే. “టిఫినేదే? అమ్మాయికి ఆలస్యమవుద్ది!”

“ఉండండి” అంది మస్తాన్‌బీ, తల తిప్పకుండానే. “నేను తింటున్నా.”