తగ్గుతూనే ఉన్న బరువు

రూసే పట్టణంలో ఓ బడి వంటశాలలో పనిచేసేది డోబ్రినా. యాభై రెండేళ్లు, తొంభై నాలుగు కిలోలు. మోకాళ్లు మొరాయించడంతో చలికాలం మొదట్లో ఒళ్లు తగ్గించుకోవాలని పట్టుబట్టింది. చిన్న పళ్లెంలో తినడం, భోజనానికి ముందు గ్లాసుడు నీళ్లు తాగడం, కాఫీలో చక్కెర మానడం, ఒక్క రొట్టెముక్కతో సరిపెట్టుకోవడం, నాలుగో అంతస్తుకి మెట్ల మీదే వెళ్లడం. అంతే, వేరే మందూ మాకూ లేవు.

వసంతానికి పదకొండు కిలోలు తగ్గింది.

"ఏం మంత్రం వేశావే? మాకూ చెప్పకూడదూ?" అంది కిందింటి పేత్రానా. డోబ్రినా మురిసిపోయింది.

ఈస్టర్‌కి నియమాలన్నీ గట్టున పెట్టి, వారం రోజులు తీపి రొట్టె, కాల్చిన గొర్రె మాంసం కడుపారా తింది. తర్వాత భయపడుతూ తూకం మిషన్ ఎక్కితే, మరో రెండు కిలోలు తగ్గింది. నవ్వుకుంది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

తగ్గడం ఆగుతుందేమోనని మర్నాటి నుంచి కాఫీలో చక్కెర వేసుకుంది. పొద్దున్నే వెన్న కారే జున్ను రొట్టె, బానిత్సా, రెండేసి ముక్కలు తింది. అయినా ఎనభై ఒకటి కాస్తా డెబ్బై తొమ్మిదైంది, తర్వాత డెబ్బై ఆరు. మిషన్ చెడిందేమోనని మందుల షాపులో చూసుకుంది. అక్కడా అంతే. ఎవరికీ చెప్పలేదు. దారిలో ఎవరైనా మెచ్చుకుంటే మాట మార్చి గబగబా వెళ్లిపోయేది.

జూన్‌లో అక్క నెవెనా వచ్చింది. బానిత్సా మూడో ముక్క అందుకుంటున్న చెల్లెలి మణికట్టు పట్టుకుంది.

"ఇంకా కడుపు మాడ్చుకుంటున్నావా?"

"లేదక్కా. చూస్తున్నావుగా, తింటూనే ఉన్నా."

"మరి ఇదేంటే? ఎన్నాళ్ల నుంచి?"

"ఈస్టర్ నుంచి."

"ఇన్నాళ్లూ నోరెందుకు మూసుకున్నావు?"

"అందరూ బాగున్నావంటుంటే, బాగానే ఉన్నాననుకోవాలనిపించింది."

నెవెనా తిట్టలేదు. సంచి చేతికిచ్చి లేవమంది.

ఆసుపత్రిలో ముసలి డాక్టరు కబుర్లు చెబుతూ పొట్ట నొక్కాడు. పక్కటెముకల కింద ఒకచోట చెయ్యి ఆగింది. కబుర్లూ ఆగాయి.

"ఇక్కడ నొప్పిగా ఉందా?"

"లేదండీ."

నొప్పి ఉందంటేనే బాగుండేదన్నట్టు చూశాడాయన. "మీతో ఎవరొచ్చారమ్మా?"

"మా అక్క."

"ఆవిణ్ణి లోపలికి పిలవండి."

స్కానింగ్‌లో గడ్డ కనపడింది. పది రోజుల్లో ఆపరేషన్ అన్నారు. కోసి చూసి, అప్పటికే గడ్డ అంతటా పాకిపోయిందని, ఏమీ తీయకుండానే మళ్లీ కుట్టేశారు. ఆ మాట నెవెనాకి మాత్రమే చెప్పారు.

"అంతా తీసేశారా అక్కా?" మత్తు దిగుతుండగా అడిగింది డోబ్రినా.

నెవెనా దుప్పటి అంచు సర్దింది. మళ్లీ సర్దింది.