రెండో ఎర్నెస్ట్

మా అల్లుడు కోలిన్ పోయిన పన్నెండో రోజున పురోహితుడు భార్గవ్ ఒక ప్రశ్న అడిగాడు. ఇంటినిండా జనం ఉన్నారు గానీ జవాబు చెప్పగలిగినవాళ్లు ఒక్కరూ లేకపోయారు.

"తండ్రిగారి పేరు, తాతగారి పేరు, ముత్తాతగారి పేరు చెప్పండి మామ్మగారూ," అన్నాడు.

భార్గవ్ వారమంతా ఆక్లాండ్ సిటీలో కంప్యూటర్ ముందు కూర్చుని, శనాదివారాలు పౌరోహిత్యం చేస్తాడు. మంత్రం మాత్రం శుద్ధంగా చెబుతాడు, దానికి వంక పెట్టను.

గోత్రంతో పేచీ లేదు. గోత్రం తెలియని వాళ్లందరికీ కాశ్యపమే గొడుగు కాబట్టి, పెళ్లినాడే ఆ తెల్లవాణ్ణి దాని కిందికి తెచ్చేశాం. తండ్రి అలన్ హాలం. తాత ఎర్నెస్ట్ హాలం, పదిహేడో ఏట ఇంగ్లండులో ఒంటరిగా ఓడెక్కి ఇక్కడ దిగినవాడు. మరి ముత్తాత? మా అమ్మాయి ఇంద్రజ తన అత్తగారు మార్గరెట్ వైపు చూసింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆవిడ మామగారు ఎర్నెస్ట్ తన తల్లిదండ్రుల ఊసే ఎత్తేవాడు కాదట. ఆయన పెళ్లి కాగితంలో కూడా ఊరి పేరు ఉంది గానీ, తండ్రి పేరు రాయాల్సిన చోట అడ్డగీత ఉంది.

"ఫరవాలేదు మామ్మగారూ. తెలియనప్పుడు పేరుకి బదులు వాడే మాటలు శాస్త్రంలో ఉన్నాయి," అన్నాడు భార్గవ్.

నాకు ఒళ్లు మండింది. "ఊరూ పేరూ లేనివాడి చేతుల్లో పెడతావా మా అల్లుణ్ణి? ఏడాది చివర చెయ్యొచ్చుగా? ఈలోగా నేను కనుక్కుంటాను."

చెయ్యొచ్చు. పోయినవాడి పిండాన్ని మూడు భాగాలు చేసి తండ్రి, తాత, ముత్తాతల పిండాల్లో కలుపుతారు. అప్పుడే అతను తన పెద్దల్లో చేరినట్టు. ఆ పని అయ్యేదాకా నా లెక్కలో కోలిన్ గుమ్మం బయట నిలబడి ఉన్నట్టే. లాన్ కోస్తూ కోస్తూ కుప్పకూలిపోయినవాణ్ణి, చెప్పులు కూడా విప్పకుండా వెళ్లిపోయినవాణ్ణి, ఇంకా బయటే నిలబెట్టడం నాకు ఇష్టం లేదు.

వాడికి ఈ నమ్మకాలున్నాయా అని అడగకండి. ఏటా మా ఆయన తద్దినానికి గరాజ్ కడిగి, పొగకి అలారం మోగకుండా చూసి, బొజ్జ మీద పంచె జారిపోతుంటే పట్టుకుని తిరిగేవాడు. "నాకూ ఇలాగే చెయ్యండత్తయ్యా, గారెలు మర్చిపోకండి," అనేవాడు. వాడు నవ్వుతూ అన్నా నేను నవ్వుతూ వినలేదు.

ఆక్లాండ్ శివార్లలో పాపకూరలో మా ఇల్లు. దాని వెనకాల గ్రానీ ఫ్లాట్ అని ముసలివాళ్ల కోసం కట్టే చిన్న ఇల్లు ఉంది. మార్గరెట్ అందులో ఉంటుంది. వియ్యపురాలు కాబట్టి నేను వదినగారూ అంటాను. ఎవరు చెప్పారో గానీ ఆవిడా నన్ను వదినా అంటుంది. మిగతా మాటలన్నీ ఇంగ్లీషే. నాకొచ్చిన ముక్కలు, ఆవిడ ఓపిక కలిసి సరిపోతాయి. ఎనభై ఆరేళ్ల మనిషి ఇంకా కారు నడుపుతుంది. పక్క సీట్లో కూర్చుని నేను రామనామం చెప్పుకుంటాను. అలా ప్రతి మంగళవారం ఇద్దరం లైబ్రరీకి వెళ్లడం మొదలుపెట్టాం.

లైబ్రరీలో కంప్యూటర్ ముందు కూర్చుంటే ఇంగ్లండువాళ్ల పాత జనాభా లెక్కలన్నీ కనిపిస్తాయి. పదేళ్లకోసారి ఇంటింటికీ తిరిగి రాసినవి. ఇంటి పెద్ద ఎవరు, అతనికి మిగతావాళ్లు ఏమవుతారు, ఎవరి వయసెంత, ఏ పని చేస్తారు, ఎక్కడ పుట్టారు, అన్నీ చేతిరాతలో. ఆ రాత చీమలు పాకినట్టుంటుంది. మార్గరెట్ భూతద్దం పెట్టుకుని చదివేది, నేను ఆవిడ తప్పులు పట్టేదాన్ని. మాకు కావలసిన ఊరు లింకన్‌షైర్‌లో ఎక్కడో మారుమూల ఉంది. హాలం ఇంటిపేరువాళ్లు ఊరంతా ఉన్నారు. జాన్ హాలం, విలియం హాలం, మళ్లీ జాన్ హాలం. పేర్లకి ఇంత కరువేమిటి తల్లీ ఆ దేశంలో అని విసుక్కున్నాను.

వేసవి దాటాక ఒకరోజు వెతకబోయిన తీగ కాలికి తగిలింది. 1891 లెక్కల్లో జార్జ్ హాలం, పొలం కూలీ. భార్య సారా. ఒక కూతురు. కొడుకు ఎర్నెస్ట్, మూడేళ్లు.

"దొరికాడు! జార్జ్!" అని నేను అరిస్తే లైబ్రరీ అంతా మావైపు తిరిగింది.

మార్గరెట్ మాత్రం భూతద్దం దించలేదు. "వయసు సరిపోవడం లేదు వదినా. మా మామగారి సమాధి మీద 1893లో పుట్టినట్టుంది. ఈ పిల్లాడు అప్పటికే మూడేళ్లవాడు."

"వయసుదేముందండీ! నేను జూలై ఒకటిన పుట్టానని పాస్‌పోర్టులో ఉంది. మా ఊళ్లో పిల్లలందరం జూలై ఒకటినే పుట్టాం. హెడ్మాస్టరుగారు ఒకేరోజు అందరినీ పుట్టించేశారు. మా ఆయన రికార్డులో నాలుగేళ్లు చిన్నవాడు. ఏదో ఓడ గుమాస్తా తప్పు రాసి ఉంటాడు."

"ఇంగ్లండులో అలా రాయరేమో."

"ఎక్కడైనా రాసేది మనుషులే కదా."

నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. భార్గవ్‌కి ఫోన్ చేసి జార్జ్ అని చెప్పేశాను కూడా. ఇంద్రజ ఆ పూట చాలా రోజుల తర్వాత మారు అన్నం పెట్టించుకుంది.

కానీ మార్గరెట్‌కి ఆ ఐదేళ్లు పంటికింద రాయిలా ఉండిపోయాయి. ఎర్నెస్ట్ బాప్టిజం కూడా చూద్దామంది. ఆ ఊరి చర్చి రిజిస్టర్లలో బాప్టిజాలు వేరే, పెళ్లిళ్లు వేరే, పూడ్చిపెట్టడాలు వేరే. ఎర్నెస్ట్ హాలం అని కొట్టి వెతకమంటే మొదట వచ్చింది బాప్టిజం కాదు. 1892 నవంబరులో, ఎర్నెస్ట్ హాలం, వయసు నాలుగు. అదే ఊరు. పూడ్చిపెట్టినవాళ్ల పుస్తకంలో.

ఆ జార్జ్ కొడుకు నాలుగేళ్లకే పోతే మరి ఓడెక్కి వచ్చిందెవరు? అంటే ఆ జార్జ్ మన జార్జ్ కాదు. ఎవరి ముత్తాతనో తెచ్చి మా అల్లుడి నెత్తిన పెట్టబోయాను. సంవత్సరీకం దగ్గర పడుతోంది. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా? వచ్చేటప్పుడు కారులో రామనామం కూడా నోటికి రాలేదు. ఇంద్రజకి ఏమీ చెప్పలేదు. ఆకలిగా లేదని చెప్పి నా గదిలోకి పోయాను.

తరవాతి మంగళవారం నేను రానన్నాను. మార్గరెట్ కారు హారన్ కొట్టి కొట్టి నన్ను బయటికి రప్పించింది. ఈసారి ఆవిడ బాప్టిజాల పుస్తకాన్ని పేజీ పేజీ తిప్పింది. 1893 మార్చి దగ్గర ఆగింది. వేలు పెట్టి చూపించింది.

ఎర్నెస్ట్. తండ్రి జార్జ్ హాలం. తల్లి సారా. కూలీ.

"అదేవిటి? పోయాడుగా!"

"వీడు తమ్ముడు," అంది మార్గరెట్. "ఆ రోజుల్లో అలా చేసేవారు వదినా. ఒక బిడ్డ పోతే తరవాతి బిడ్డకి ఆ పేరే పెట్టేవారు. మా అమ్మమ్మ కూడా చేసింది. నాకు ముందే తట్టాల్సింది."

జార్జ్ మన జార్జే. సంతోషించాల్సింది పోయి నాకు కోపం ముంచుకొచ్చింది. "అదేం తల్లి! కడుపుతో ఉండి పెద్దవాణ్ణి మట్టిలో పెట్టి, నాలుగు నెలలు తిరక్కుండా వాడి పేరు ఇంకోడికి తొడుగుతుందా? చావు ఆ పేరు విని మళ్లీ రాదూ?" సగం తెలుగులోనే అన్నాను. మార్గరెట్‌కి ఎంత అర్థమైందో తెలియదు. కంప్యూటర్ వదిలేసి కుర్చీ నావైపు తిప్పుకుంది.

చెప్పాను. ఇంద్రజకి ముందు నాకొక కొడుకు. మూడేళ్లు నిండి జ్వరంతో పోయాడు. చిన్నపిల్లలకి కర్మలుండవన్నారు. తీసుకెళ్లి పూడ్చేసి వచ్చారు. ఏడాదికి ఇంద్రజ పుడితే మా అత్తగారు పొత్తిళ్లతో సహా దాన్ని పెంటకుప్ప మీద పెట్టించింది. పొరుగావిడ ఎత్తుకుంటే చేటెడు తవుడిచ్చి కొనుక్కున్నాం. పెంటమ్మ అని పేరు పెట్టాం. ఎవరికీ అక్కర్లేని పిల్ల అనుకుని చావు దాని జోలికి రాకూడదని. ఇంద్రజ అన్న పేరు బడికి వెళ్లేటప్పుడు వచ్చింది. ఆ పిల్లాడి పేరు మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తకూడదన్నారు. ఎత్తితే వాడొచ్చి చెల్లెల్ని పిలుచుకుపోతాడట. మా ఆయన పోయేదాకా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎప్పుడైనా చెప్పుకోవాల్సివస్తే "వాడు" అనుకునేవాళ్లం. తనకి ముందు ఒకడు పోయాడనీ, పేరెత్తితే తననీ తీసుకుపోతాడనీ ఇంద్రజకి తెలుసు, పేరు మాత్రం తెలియదు.

"ఏం పేరు?" అంది మార్గరెట్.

"టైమైంది, పదండి," అన్నాను.

కారులో కూర్చున్నాక కోపం పోయి, సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ సారా మీద అసూయ పుట్టింది. పొద్దున లేస్తే ఎర్నెస్ట్, అన్నానికి ఎర్నెస్ట్, చీకటి పడితే ఎర్నెస్ట్. నోరారా పిలుచుకుంది. పిలిచిన ప్రతిసారీ ఒకడు పలికేవాడు. పలికిన రెండోవాణ్ణి తలుచుకుంటే మాత్రం జాలేసింది. అమ్మ తననే పిలుస్తోందో, వెనక ఇంకెవర్నో పిలుస్తోందో వాడికి ఎలా తెలుస్తుంది? పెళ్లి కాగితంలో ఆ అడ్డగీత ఎందుకు గీశాడో నాకు కొంచెం అర్థమైనట్టనిపించింది. అర్థమైందని మాత్రం చెప్పలేను.

సంవత్సరీకం గరాజ్‌లోనే పెట్టాం. మనవడు తరుణ్ తండ్రి పంచే కట్టుకున్నాడు. తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. భార్గవ్ చెప్పే మంత్రాన్ని ముక్కలు ముక్కలుగా అందుకుంటున్నాడు. మార్గరెట్ నా పక్కన మడత కుర్చీలో కూర్చుంది.

"కాశ్యప గోత్రం, జార్జ్ నామధేయం, ఆదిత్య రూపం," అన్నాడు భార్గవ్. మార్గరెట్ చెవిలో చెప్పాను. తండ్రి వసువు, తాత రుద్రుడు, ముత్తాత సూర్యుడు అని. "పొలం కూలీ," అంది ఆవిడ. "పొలం కూలీయే," అన్నాను.

తరుణ్ తండ్రి పిండాన్ని దర్భతో మూడు భాగాలు చేశాడు. ఒకటి అలన్‌లో, ఒకటి ఎర్నెస్ట్‌లో, ఒకటి జార్జ్‌లో కలిపాడు. అంతసేపూ గోడకి ఆనుకుని నిలబడిన ఇంద్రజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. మార్గరెట్ నా చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు వాళ్ల నాన్న దగ్గరున్నాడా?" అంది. "ఉన్నాడు," అన్నాను. ఆవిడ కళ్లు తుడుచుకోలేదు, అలాగే వదిలేసింది.

"ఇంకెవరైనా ఉంటే చెప్పండి మామ్మగారూ, తిలోదకాలు వదిలిస్తాను," అన్నాడు భార్గవ్.

"ఎర్నెస్ట్," అన్నాను.

"ఆయనది అయిందిగా."

"ఈయన కాదు. ఈయన కంటే ముందువాడు. నాలుగేళ్లవాడు."

భార్గవ్ ఇబ్బందిగా చూశాడు. "చిన్నపిల్లలకి ఉండవు మామ్మగారూ. మీకు తెలియనిదేముంది."

తెలుసు. యాభై ఏళ్ల పైనుంచీ తెలుసు. అతను శాంతి మంత్రం అందుకున్నాడు.

అంతా అయ్యాక తరుణ్ పిండాలు తీసుకెళ్లి పెరట్లో పెట్టాడు. ఇక్కడ కాకులుండవు. ఎప్పుడూ గోరింకలే వస్తాయి. మార్గరెట్, నేను వెనక మెట్ల మీద కూర్చుని చూస్తున్నాం. నాలుగు గోరింకలు వాలి, గారె కోసం కొట్టుకున్నాయి. కోలిన్ ఉంటే నవ్వేవాడు.

"వదినా," అంది మార్గరెట్. "నా కొడుకు పేరు ఇందాకట్నుంచీ అందరూ చెబుతూనే ఉన్నారు. నీ కొడుకు పేరేమిటి?"

నోరు తెరిచాను. మూశాను. నీళ్లు తాగాను. మళ్లీ ప్రయత్నించాను.

"శ్రీవత్స."

ఆవిడ ఆ పేరు పలకబోయింది. రాలేదు. ఇంకోసారి ప్రయత్నిస్తే కొంచెం వచ్చింది.

వెనక తలుపు దగ్గర ఇంద్రజ నిలబడి ఉంది, చేతిలో విస్తళ్లతో. "ఎవరమ్మా శ్రీవత్స?"

"మీ అన్నయ్య."

విస్తళ్లు పక్కన పెట్టి అది నా కింద మెట్టు మీద కూర్చుంది. యాభై ఏడేళ్ల పిల్ల, మొగుడు పోయిన పిల్ల. నా మోకాలి మీద తల ఆనించింది.

"ఇంక నన్నెవడూ తీసుకుపోడులేమ్మా. ఎలా పిలిచేదానివి వాణ్ణి?"

ఎండ పెరడంతా పరుచుకుని ఉంది. అన్నాల వేళ. ఆడుకుంటున్న పిల్లాణ్ణి పిలిచినట్టే గొంతెత్తి పిలిచాను.

"శ్రీవత్సా! అన్నానికి రా నాన్నా!"

గోరింకలు లేచిపోయాయి. ఎవరూ రాలేదు. అయినా ఇంకోసారి పిలిచాను.