నాలుగు మార్కుల అమ్మాయి

పొద్దున్న ఎనిమిదింటికి మార్కులమ్మ మేడ దిగి వచ్చి, విత్తనాల గోదాములో కుర్చీ వేసుకుని అరగంట ఊరికే కూర్చునేది. అది ఉద్యోగంలో భాగమే. ఆవిడ ఉన్నచోట బూజు పట్టదు. బ్రెడ్డు నెల రోజులున్నా పచ్చబడదు, గోడలు చెమ్మకి నల్లబడవు, బీరువాలో బట్టలు ముక్కిన వాసన వేయవు. అందుకే గోధుమ పరిశోధన కేంద్రం వాళ్ళు గోదాము మీది రెండు గదులూ ఆవిడకే ఇచ్చారు. వానలు మొదలయ్యాయంటే వీధిలో వాళ్ళు తోలు బూట్లూ పెళ్ళి ఆల్బములూ తెచ్చి ఆవిడ అలమారాల్లో సర్దేసి, పైగా "జాగ్రత్తండోయ్" అని ఆవిడకే చెప్పి పోయేవాళ్ళు. వాళ్ళమ్మకీ ఇలాగే ఉండేదట. కొందరికి చేతిరాత బాగుంటుంది, కొందరింట బూజు పట్టదు, అంతే. ఎవరూ దాని గురించి రెండో మాట అడగలేదు.

అరగంట కాగానే ఆవిడ పుస్తకం, పెన్సిలు పట్టుకుని అద్దాల షెడ్డులోకి వెళ్ళేది. అసలు పని అక్కడ. తొట్లలో పెంచిన గోధుమ మొక్కల మీద కావాలనే తుప్పు తెగులు చల్లుతారు. ఏ మొక్క తట్టుకుందో, ఏది పడిపోయిందో చూసి మార్కులు వేయాలి. మచ్చ లేని ఆకుకి సున్నా. వేలితో రాస్తే ఇటుకపొడి అంటినట్టు వేలంతా ఎర్రబడే ఆకుకి నాలుగు. ఇక్కడ సున్నా తెచ్చుకోవడమే గొప్ప. తుప్పు కూడా బూజు జాతిదే కదా, మీ ముందు ఎలా పెరుగుతోందని డైరెక్టరు గారు ఒకసారి ఏడిపిస్తే, "బతికున్న ఆకు మీద ఎక్కిందానికి నేనంటే లెక్కలేదు సార్" అంది ఆవిడ.

ముప్పై ఎనిమిదేళ్ళు అలా వేసీ వేసీ ఆవిడకి మార్కులు వేయకుండా ఏదీ చూడ్డం చేతకాకుండా పోయింది. క్యాంటీన్ టీకి మూడు. కొత్త బస్సు డ్రైవరుకి రెండు. లిఫ్టులు బాగుచేసే అల్లుడికి పెళ్ళిచూపుల్లోనే ఒకటి వేసింది, అంటే బాగా నచ్చాడని. ఆవిడ వేసిన మార్కు మీద మళ్ళీ చూసేవాళ్ళు లేరు, ఆవిడా తిరిగి చూసుకునేది కాదు.

కూతురికి మాత్రం నాలుగు.

ఆ పిల్లకి ఏడేళ్ళప్పటి మాట. తన ఇంట్లో ఎలాగూ బూజు పట్టదు కాబట్టి, పిల్లకి గుణం వచ్చిందో లేదో అక్కడ తేలదు. అందుకని ఒక డబ్బాలో బ్రెడ్డు ముక్క పెట్టి, ఒళ్ళోంచి దింపొద్దని చెప్పి, పిల్లని చెల్లెలింటికి పంపింది. మూడో రోజు పిల్ల డబ్బా పట్టుకుని తిరిగొచ్చింది. మూత తీస్తే ముక్క నిండా పచ్చటి బూజు. మార్కులమ్మ గోధుమల పుస్తకంలోనే ఒక గీత గీసి, "అమ్మాయి" అని రాసి, పక్కన అంకె వేసింది. ఆ తరవాత పిల్లని షెడ్డుకి తీసుకెళ్ళడం తగ్గించింది. ఎవరైనా అడిగితే, పిల్ల పక్కనే ఉన్నా, "పాపం, దానికి రాలేదండీ" అనేది. ప్రేమ లేక కాదు. నిజం చెప్పడం తప్పెలా అవుతుందనుకుంది. ఈ ఒక్క సంగతిలో ఆవిడంత మొద్దు మనిషి ఇంకొకరు ఉండరు.

పిల్ల పెద్దదై, కుట్టుమిషను నేర్చుకుని, పెళ్ళి చేసుకుని ఊరికి ఆ చివరన కాపురం పెట్టింది. పురుడు వానాకాలంలో వచ్చింది. ఆ వారమే గోదాముకి తడిసిన విత్తనం దిగింది. మార్కులమ్మ రెండు రోజులు కదిలినా బస్తాలకి బస్తాలు పాడైపోయేవి. ఆవిడ అయిదో రోజున గానీ మనవరాలి మొహం చూడలేదు. కూతురు అప్పుడప్పుడూ పిల్లనెత్తుకుని తనే వచ్చి పోయేది. "నేనే వస్తానే ఒకసారి" అంటే, "వద్దమ్మా, మాది కింది వాటా, చెమ్మ, నీకు పడదు" అనేది. అలా అయిదేళ్ళు గడిచాయి.

ఆ యేడు కొత్త సైంటిస్టమ్మాయి ఒక సంకరం చేసింది. ఎక్కడో కొండ మీద ఒక ముసలాయన డబ్బాలో దాచుకున్న పాత గోధుమ ఉండేది. గింజ సన్నం, దిగుబడి దండగ, కాని ఏ తుప్పూ దాన్ని అంటదు. దాన్ని బలమైన గింజ ఇచ్చే రకంతో కలిపింది. పాత గింజలు అంతటితో అయిపోయాయి, ముసలాయనా పోయాడు. సంకరం మొక్కలు ఇరవై మూడు తొట్లలో మొలిచాయి. తెగులు చల్లిన పదిహేనో రోజుకి ఇరవై మూడూ ఎర్రబడ్డాయి. మార్కులమ్మ ఒకటో తొట్టి నుంచి ఇరవై మూడో తొట్టి దాకా చేయి ఆపకుండా నాలుగులు వేసుకుంటూ పోయింది.

"వీటి గింజలు ఒక్కసారి మళ్ళీ నాటి చూద్దామండీ. గుణం లోపల ఉండి పైకి కనబడకపోవచ్చు" అంది సైంటిస్టమ్మాయి.

"మన దగ్గర వచ్చిన గుణమేదైనా మొదటి తరంలోనే కనబడింది తల్లీ. కనబడలేదంటే రాలేదనే."

"అన్నీ అలాగే ఉండాలని లేదు కదా..."

"షెడ్డు ఖాళీ చేయాలి. సోమవారం పీకించేస్తారు" అని పుస్తకం మూసింది మార్కులమ్మ. డైరెక్టరు గారు ఆవిడ మాట మీదే సంతకం పెట్టారు. సైంటిస్టమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, ఈ కాలం పిల్లలకి ఓర్పు లేదనుకుంది ఆవిడ.

ఆదివారం బజారుకని వెళ్ళి వస్తుంటే వాన కుండపోతగా పట్టుకుంది. రోడ్డు మీద నీళ్ళు నిలిచి, సరిగ్గా కూతురుండే వీధి మొగలో బస్సు ఆగిపోయింది. సరే ఎలాగూ వచ్చాను కదా అని గొడుగేసుకుని దిగింది. ఆ వీధిలో కింది వాటాల గోడలన్నీ నడుం ఎత్తు దాకా నల్లగా బూజెక్కి ఉన్నాయి. కూతురింటి గుమ్మం ముందుకొచ్చి ఆగిపోయింది. ఆ ఒక్క వాటా గోడ సున్నం వేసిన రోజులా తెల్లగా ఉంది. లోపల కుట్టుమిషను వెనక అలమారాల నిండా ఎవరెవరివో బూట్లు, తోలు సంచులు, పెళ్ళి ఆల్బములు.

మార్కులమ్మ గొడుగు మూయడం కూడా మరిచిపోయింది. "ఒసేయ్, నీకూ వచ్చిందటే! ఇన్నాళ్ళకి వచ్చిందా?"

కూతురు మిషను ఆపి లేచింది. సంతోషంతో వెలిగిపోతున్న తల్లి మొహాన్ని ఒక్క క్షణం చూసింది. అలాంటి మొహం తన కోసం ఆమె ఎప్పుడూ చూసి ఉండదు.

"నాకు కాదమ్మా. దానికి."

లోపలి గదిలో మనవరాలు నేల మీద బోర్లా పడుకుని రంగు పెన్సిళ్ళతో గీతలు గీసుకుంటోంది. వాన చప్పుడులో అమ్మమ్మ వచ్చిందని దానికి తెలియలేదు.

"ఎప్పటినుంచే?"

"పుట్టినప్పటినుంచీ. మా ఆయన నాయనమ్మ ఇంట్లోనూ బూజుండేది కాదట. ఇది పుట్టాకే ఆ మాట చెప్పారు."

"అయిదేళ్ళు! నాకో మాట చెప్పాలనిపించలేదూ?"

"చెబితే ఏం చేసేదానివి?"

"ఏం చేస్తాను, సంతోషించేదాన్ని."

"సంతోషించి, పుస్తకం తీసి దానికి సున్నా వేసేదానివి. వెళ్ళి డైరెక్టరు గారికి చెప్పేదానివి. నీ తరవాత ఎవరా అని ఆయన ఎప్పటినుంచో వెతుకుతున్నారు కదా. దీనికి వయసు రాగానే నీ కుర్చీలో కూర్చోబెట్టేవాళ్ళు. ఇక ఇదీ వానాకాలంలో గుమ్మం దాటదు. ఎవరు పుట్టినా, ఎవరు పోయినా."

"సున్నా మంచి మార్కే కదే" అంది మార్కులమ్మ, నోటికి అదే వచ్చింది.

"సున్నా కూడా మార్కేనమ్మా. నాకు నాలుగు వేశావు. ఇరవై నాలుగేళ్ళయింది."

"నువ్వు చూశావా అది?"

"ఆ రాత్రే. అప్పటికి నాకు అంకెలు చదవడం వచ్చు."

మార్కులమ్మ స్టూలు మీద కూలబడింది. నీళ్ళోడుతున్న గొడుగు నేలంతా తడిపేస్తోంది. మనవరాలికి వచ్చిందంటే, అల్లుడి వైపునుంచే కాక ఈ పిల్లలోంచీ వచ్చినట్టే కదా. అంటే ఆ డబ్బా పట్టుకుని ఇంటికి తిరిగొచ్చిన రోజున కూడా అది దీని ఒంట్లో ఉంది. పైకి కనబడలేదంతే. లేనే లేదని అందరి దగ్గరా జాలి పడుతూ తిరిగింది తను. ఏడుపొచ్చింది గాని, ఆ ఇంట్లో ఏడ్చే హక్కు తనది కాదనిపించి నొక్కేసుకుంది. "నన్ను క్షమించవే" అంది. కూతురు తువ్వాలు తెచ్చిచ్చి, "తల తుడుచుకో, జలుబు చేస్తుంది" అంది. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు. వాన తగ్గాక బస్సు దాకా దిగబెట్టి, "దీని సంగతి ఎవరికీ చెప్పకమ్మా" అని మాత్రం అంది.

సోమవారం మార్కులమ్మ ముందు గోదాములో కూర్చోకుండా సరాసరి షెడ్డుకి పరిగెత్తింది. పనివాళ్ళు ఏడింటికే దిగారు. ఇరవై తొట్లు ఖాళీ అయి, పీకిన మొక్కలు బయట గుంటలో కాలుతున్నాయి. మిగిలిన మూడు తొట్లకీ అడ్డంగా నిలబడింది. డైరెక్టరు గారు వచ్చారు.

"ఏమిటండీ ఇది? మీరే కదా నాలుగు వేశారు?"

"పొరపాటు చేశాను సార్. గింజ కట్టేదాకా వీటిని ఉంచండి. ఎందుకని మాత్రం అడక్కండి."

ముప్పై ఎనిమిదేళ్ళలో ఆవిడ నోట పొరపాటన్న మాట వినడం అదే మొదలు. ఆశ్చర్యంతో ఆయన అడగడం కూడా మరిచిపోయి సరేనన్నారు.

ఆ మూడు తొట్లలోంచి దక్కిన గింజలు తొంభై రెండు. మళ్ళీ నాటి, మళ్ళీ తెగులు చల్లితే ఇరవై రెండు మొక్కలు కడిగినట్టు పచ్చగా నిలబడ్డాయి. మిగతా డెబ్భై ఎర్రబడ్డాయి. సైంటిస్టమ్మాయి షెడ్డులో గంతులేసినంత పని చేసింది. "రెండు వైపులనుంచీ వస్తేనే ఈ గుణం బయటపడుతుందండీ. ఈ ఎర్రబడ్డవాటిలోనూ చాలావాటికి లోపల ఉండే ఉంటుంది."

"ఏవేవో తెలుస్తుందా తల్లీ?"

"చూస్తే తెలియదండీ. వాటి పిల్లల్ని చూడాల్సిందే."

మార్కులమ్మ ఆ డెబ్భై మొక్కల ముందూ పెన్సిలు పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఉద్యోగం కాబట్టి మార్కులు వేసింది. ఒక్కో నాలుగూ వేయడానికి ఆవిడకి ఎంత సేపు పట్టిందో చూసి, కళ్ళు మందగిస్తున్నాయి కాబోలనుకున్నారంతా.

రిటైరయ్యే వారంలో డైరెక్టరు గారు ఆవిడని గదికి పిలిచి కూర్చోమన్నారు. బల్ల మీద గోదాము కాగితాలున్నాయి.

"ఈ గోధుమ చూశాక నాకొకటి తట్టిందండీ. మీ ఇంట్లోనూ ఇలాగే అయి ఉండొచ్చు కదా? అమ్మాయికి రాకపోతేనేం, మనవరాలికి రావచ్చు. వస్తే ఇప్పటినుంచే ఆ పిల్ల పేరు రాసి పెట్టుకుంటాం. చదువు మాది, ఇల్లు మాది, ఉద్యోగం ఖాయం. ఒకసారి పరీక్ష చేసి చూడకూడదూ?"

ఆవిడ జీవితమంతా ఎదురుచూసిన మాట అది. తన తరవాత తన కుర్చీలో తన పిల్ల కూర్చోవాలనే కదా ఆ డబ్బా, ఆ బ్రెడ్డు ముక్క.

"చూశానండీ. మూడో రోజుకే బూజు పట్టింది. నాలుగు."

ఆవిడ మార్కు మీద తిరుగు లేదు కాబట్టి ఆయన పెన్నుతో ఏదో కొట్టేశారు. విత్తనం ఆరబెట్టే యంత్రాలు తెప్పించమని గుమాస్తాని కేకేసి చెప్పి, ఇటు తిరిగి నిట్టూర్చారు.

"ప్చ్. పాపం, మీ అమ్మాయికైనా వచ్చుంటే బాగుండేది."

పాతికేళ్ళుగా తను అంటూ వచ్చిన మాటే అది. ఎదుటివాళ్ళ నోట వింటే ఎలా ఉంటుందో ఆవిడకి ఇప్పుడు తెలిసింది.

"పాపం అనకండి సార్. మా అమ్మాయికి ఏ లోటూ లేదు" అంది మార్కులమ్మ. వినాల్సిన మనిషి ఆ గదిలో లేదు.