ఎడమ పళ్ళెం

గోడాదరా నేతపేటలో మగ్గాల మోత మధ్య పెరిగిన ఈ కోమలికి, అంటే నాకు, ఏసీ గదిలో ఉద్యోగం దొరికిందని మా వీధంతా మురిసిపోయింది. జన్యు సమాచార క్యూరేటర్‌ని. పేరు గొప్ప, ఊరు దిబ్బ. నేను చేసేది చెత్త ఏరడమే. రక్త నమూనాల్లోని జన్యువులను యంత్రం చదివి ఫైళ్లు పంపుతుంది. ఒకరి నమూనాలో ఇంకొకరిది కలిస్తే, ఎక్కువున్న మనిషిని ఉంచి తక్కువున్న మనిషిని తీసేయాలి. అది మా రూలు.

కొత్త యంత్రం వచ్చినప్పుడు పరీక్ష కోసం ఉద్యోగులందరం రక్తం ఇచ్చాం. నా ఫైల్లో ఇద్దరున్నారు. నేను, కాస్తంత ఎవరో మగవాడు. వాడు నా తోబుట్టువని కంప్యూటర్ చెబుతోంది. నాకు తోబుట్టువులే లేరు.

"ట్యూబులు కలిసిపోయుంటాయి, మళ్లీ ఇవ్వండి," అన్నారు మేనేజర్ రవీంద్ర గారు.

ఇచ్చాను. ఈసారి వాడు సగానికి దగ్గరగా వచ్చాడు.

ఆ సాయంత్రం అమ్మకు సంగతి చెప్పాను. ఏటా నా పుట్టినరోజుకు అమ్మ రెండు పళ్ళేల్లో ఘారీ మిఠాయి పెడుతుంది. కుడివైపుది నాకు. ఎడమవైపుది ఎవరికని అడిగితే కసిరేది. ఆ రోజు మళ్లీ అడిగితే కసరలేదు.

"కడుపుల నీతోని ఇంకో పానముండె బిడ్డా. ఇద్దరని డాక్టరమ్మ చెప్పింది. కాన్పునాడు నువ్వొక్కదానివే వచ్చినవ్."

"మరి వాడేమైండు?"

"యాడికి పోతడు? నీలనే ఉన్నడు. ఆకలైతదని పెడ్తున్న."

కవలల రక్తం కలవడం గురించి చదివాను. అది ఇలా పెరగడం ఎక్కడా చదవలేదు. వాడు పెరుగుతూ పోతే నేనేమైపోవాలి?

మూడోసారి ఇచ్చిన రక్తం ఫలితం నా పుట్టినరోజునే వచ్చింది. ఎక్కువున్నది వాడు. తక్కువున్నది నేను.

"ఆగండి సార్" అనేలోపే రవీంద్ర గారు పేరైనా చూడకుండా వెనక నుంచి వంగి, మౌస్ నొక్కి తక్కువున్న మనిషిని తీసేశారు. "ఇంత చిన్న పనికి ఇంతసేపా?" అని విసుక్కున్నారు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. నా ముఖంలోకి చాలాసేపు చూసి కళ్ళు తుడుచుకుంది. నన్నెప్పుడూ అంత ప్రేమగా చూడలేదు.

"వచ్చినవా బిడ్డా," అంది. "ఎన్నేండ్లాయె."

లోపల ఒకటే పళ్ళెం ఉంది, ఎడమవైపు. నేను కూర్చునే చోట ఖాళీ నేల.

నా పళ్ళెమేదమ్మా అని అడుగుదామనుకున్నాను. కానీ విపరీతంగా ఆకలేస్తోంది. వెళ్లి ఎడమవైపు కూర్చున్నాను.